గ్రూపు లోను వెంట అమీర్‌పేట దాకా

ఈ నెల మీతో కొన్ని లెక్కలు పంచుకోవాలని ఉంది. లెక్కలనగానే పేజీ తిప్పేయకండి. మీ వీధిలోనో, మందిరం వరండాలోనో వారం వారం కూర్చునే గ్రూపులో మీరు వేసుకునే లెక్కలే ఇవి. అవే లెక్కలను పెద్ద చదువులు చదివినవారు హైదరాబాదు బస్తీలలో ఇంటింటికీ తిరిగి, కొన్నేళ్లపాటు వేశారు. వారికి తేలిన సంగతులు ఇంగ్లీషు పుస్తకాలలో అచ్చయ్యాయి గాని మన పల్లెలకు అంతగా చేరలేదు.

మేము వీటి జోలికి పోవడానికి కారణం మా అక్క. మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. అక్కకు రెండు పాడిగేదెలు ఉన్నాయి. పాలకేంద్రానికి పాలు పోస్తుంది. మూడో గేదె కొనాలని గ్రూపులో 40,000 రూపాయలు తీసుకుంది. డబ్బు చేతికి వచ్చిన వారానికే, డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న కొడుకు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందన్నాడు. గేదె బేరం ఆగిపోయింది. ఆ డబ్బు ఫీజుకూ హాస్టలుకూ సరిపెట్టి, కుర్రవాణ్ణి దిగబెట్టి రమ్మని మా ఇద్దరినీ రైలెక్కించింది. కిస్తీ మాత్రం ఏ వారానికి ఆ వారం కట్టాలి. గేదె ఉన్నా లేకపోయినా కిస్తీకి సంబంధం లేదు గదా.

అమీర్‌పేట చూడనివారికి చెప్పాలంటే, తిరునాళ్ల ఒకటి ఏడాది పొడుగునా జరుగుతున్నట్టు ఉంటుంది. మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తితే మేడకు మేడ బోర్డులే. ఏ కోర్సు ఏ రోజు మొదలవుతుందో చెప్పే కాగితాలు మన చేతుల్లో కుక్కేస్తారు. కింద ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, జిరాక్సు షాపులు, మొబైల్ కవర్లు, జామకాయలు, దోసెల బండ్లు. మెట్రో రైలు రెండు దారులు కలిసే స్టేషన్ కూడా అక్కడే కట్టారు గనుక జనానికి లోటు లేదు. ఆ జనంలో సగం మంది మన పల్లెల పిల్లలేనని వారి మాట వింటే తెలిసిపోతుంది. శ్రీకాకుళం యాస ఒకవైపు, కరీంనగర్ యాస ఒకవైపు, మధ్యలో మా గోదావరి వాళ్లు. వారి వెనుక ఎందరు తల్లుల గ్రూపు లోన్లు ఉన్నాయోనని మా ఆవిడ అంది. ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

సాయంత్రం ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. బండి నడిపే ఆమెది నల్గొండ వైపట. నలభై ఏళ్లు దాటి ఉంటాయి. భర్త చట్నీలు అందిస్తుంటే ఆమె పెనం మీద దోసెలు పోస్తోంది. మా ఆవిడ మాట కలిపి, "ఏమ్మా, బండి పెట్టడానికి లోను తీసుకున్నావా?" అని అడిగింది.

"లోను తీసుకునేటప్పటికే బండి ఉండె అక్కా. ఏడేండ్ల సంది ఇదే జేస్తున్నం. గ్రూపుల తీసుకున్న పైసలతోని గ్రైండరు కొన్న. అంతకుముందు పిండి బయట పట్టించేది. ఇప్పుడు ఇంట్ల పడుతున్న," అంది. ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ల బస్తీలో తనతోపాటు అదే గ్రూపులో లోను తీసుకున్న ఇంకొకామె చీరల వ్యాపారం మొదలుపెట్టిందట. చీరలు అరువు పోయాయి, అరువు రాలేదు. ఇప్పుడు నాలుగిళ్లలో పనిచేసి కిస్తీ కడుతోందట.

రోజు ఖర్చుకు ఎవరి దగ్గర తెస్తావంటే గిరిగిరి అంది. మనవైపు డైలీ ఫైనాన్సు అంటామే, దానికే హైదరాబాదులో ఆ పేరు. చేతికి తొమ్మిది వేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారనుకోండి. వెయ్యి రూపాయలే గదా పోయేది అనిపిస్తుంది. అయితే అసలు రోజూ కొంత తీరుతూనే ఉంటుంది గనుక ఆ వంద రోజుల్లో మన దగ్గర సగటున ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల చిల్లరకు వెయ్యి రూపాయలంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయలు దాటింది. మా ఆవిడ అక్కడే టిఫిన్ కట్టిన కాగితం మీద ఈ లెక్క వేసింది. బండి ఆమె ఆ కాగితం చూసి నవ్వి, "తెలుసక్కా, పొద్దున్న ఐదింటికి సరుకు తేవాలంటే ఎవరిస్తరు మరి?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

మరునాడు పంజాగుట్ట వైపు నడిచాం. అమీర్‌పేట నుండి మెట్రోలో ఒక్క స్టేషనే. నడిచినా పెద్ద దూరం కాదు. నగల దుకాణాలు, బట్టల షోరూములు, ఒకవైపు నిమ్స్ ఆసుపత్రి. అక్కడ నాగార్జున హిల్స్ అని ఒక చోటు ఉంది. 1984లో హైదరాబాదులో మొదలైన ఇక్ఫాయ్ సంస్థ ఆర్థిక విషయాలు, మేనేజ్‌మెంట్, కొనుగోలుదారుల తీరుతెన్నుల మీద పరిశోధన పత్రికలను ఎన్నో ఏళ్లు ఆ చిరునామాతోనే వెలువరించింది. బ్యాంకులు ఎలా లాభపడతాయి, జనం సబ్బు ఎందుకు మారుస్తారు, షేర్ల ధరలు ఎందుకు పడతాయి అన్నవి వాటిలో వచ్చే వ్యాసాలు. బండి దగ్గర విన్న మాటలు ఇలాంటి పరిశోధకులు ఎవరైనా లెక్క కట్టారా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఇంటికి వచ్చాక, తెలిసినవారి సాయంతో దొరికినంత చదివాం. కట్టారు, అదీ హైదరాబాదులోనే.

2005లో 104 బస్తీలను ఎంచుకున్నారు. స్పందన అనే మైక్రో ఫైనాన్స్ సంస్థ వాటిలో సగం చోట్ల, అంటే 52 బస్తీలలో ముందుగా శాఖలు తెరవడానికి ఒప్పుకుంది. ఏ 52 అన్నది మన భాషలో చెప్పాలంటే చీట్లు వేసి తేల్చారు. ఈ పని చేసినవారు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు. వీరిలో మొదటి ఇద్దరికీ 2019లో మరొకరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

చీట్లు ఎందుకు వేయాలి? లోను తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పోల్చితే చాలదా? చాలదు. లోనుకు ముందుకొచ్చే ఆమె సాధారణంగా మొదటి నుండీ కాస్త చురుకైనదై ఉంటుంది. ఆమె బాగుపడితే అది లోను వలననా, ఆమె చురుకుదనం వలననా అన్నది తెలియదు. ఒకే రకమైన బస్తీలను జతలుగా తీసుకుని, చీటీ పడిన చోట శాఖ తెరిచి, పడని చోట అప్పటికి ఆపితే, రెండింటికీ తేడా ఆ శాఖ మాత్రమే. మందు పనిచేస్తుందో లేదో చూడడానికి ఆసుపత్రులలో చేసే పరీక్షకూ ఇదే పద్ధతి.

ఆ లోను మీకు తెలిసినదే. ఆరు నుండి పదిమంది స్త్రీలు ఒక గ్రూపు. ఒకరు కట్టకపోతే మిగిలినవారు పూచీ. మొదటి లోను 10,000 రూపాయలు, 50 వారాల కిస్తీలు. కాగితం మీద వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే రూపాయి వడ్డీ. మేము లెక్క వేస్తే మొత్తం 11,200 అయ్యింది, వారానికి 224. కాని అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదనే లెక్కించారు గనుక, నిజానికి పడేది దాదాపు 24 శాతం. అంటే రెండు రూపాయల వడ్డీ. ఇది మోసమని మేమనడం లేదు. ఆ బస్తీలలో వారికి అంతకుముందు ఉన్న అప్పులకు సగటు వడ్డీ నెలకు నూటికి నాలుగు రూపాయలకు దగ్గరగా ఉండేదని అదే పరిశోధనలో ఉంది. నాలుగు రూపాయల అప్పు తీర్చడానికి రెండు రూపాయల అప్పు తెచ్చుకున్నవారిని తెలివి తక్కువవారని ఎలా అనగలం?

శాఖలు తెరిచిన ఏడాదిన్నరకు, 2007, 2008 సంవత్సరాలలో, సుమారు 6,850 కుటుంబాలను ఇంటికి వెళ్లి అడిగారు. మొదట ఆశ్చర్యపరిచిన సంగతి, ఇంటి ముందుకు వచ్చినా మైక్రో ఫైనాన్స్ అప్పు తీసుకున్నవారు నూటికి ఇరవై ఏడుగురే. పేదవారు అప్పు అనగానే ఎగబడతారన్న మాట అక్కడే తేలిపోయింది.

తర్వాత ఇంటి ఖర్చు చూశారు. మనిషికి నెలకు అయ్యే మొత్తం ఖర్చు శాఖ ఉన్న బస్తీలలో పెరగలేదు, తగ్గలేదు. ఆ ఖర్చు లోపలి వాటాలు మాత్రం మారాయి. ఇంటికీ పనికీ పనికొచ్చే నిలవ సామానుకు ఎక్కువ పెట్టారు. టీలు, బయటి తిండి, పాన్, పొగాకు, జూదం వంటివాటికి తక్కువ పెట్టారు. ఈ ఖర్చులు తగ్గించుకోవాలని ఉందని ఆ కుటుంబాలే ముందు చెప్పుకున్నాయట. వారం కిస్తీ ఒక కంచెలాగా పనిచేసిందేమోనని మా ఊహ. పండుగలకూ శుభకార్యాలకూ పెట్టే ఖర్చు కూడా తగ్గింది. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో స్త్రీ మాట చెల్లుబాటు కావడంలో మాత్రం తేడా కనబడలేదు. అప్పటికి లోకమంతా స్త్రీల చేతికి చిన్న అప్పు ఇస్తే ఇవన్నీ వాటంతట అవే జరుగుతాయని చెప్పుకుంటోంది. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకూ దాని స్థాపకుడు మహమ్మద్ యూనస్‌కూ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కూడా.

వ్యాపారాల సంగతికి వస్తే, టిఫిన్ బండి ఆమె మాటే అచ్చులో కనబడింది. అప్పటికే వ్యాపారం ఉన్నవారు దానిలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు. అయితే లాభం గట్టిగా పెరిగింది, అందరినీ లాభం ప్రకారం వరుసలో నిలబెడితే నూటికి పైనున్న ఐదుగురికే. అప్పుతో కొత్తగా మొదలైన వ్యాపారాలు మరీ చిన్నవి, లాభం కూడా తక్కువ.

ఆ పరిశోధకులలో కొందరు మరొకరితో కలిసి ఆరేళ్ల తర్వాత అవే బస్తీలకు మళ్లీ వెళ్లారు. సంస్థ రాకముందే ఏదో ఒక వ్యాపారం చేస్తున్న కుటుంబాలను విడిగా తీసి చూశారు. శాఖ పడిన బస్తీలలోని అలాంటి కుటుంబాల వ్యాపార సామగ్రి, పడని బస్తీలలోని అలాంటివారి కంటే 35 శాతం ఎక్కువ. అమ్మకాలు రెండింతలు. అప్పటికి అప్పులు ఆగిపోయినా ఆ తేడా చెరిగిపోలేదు. ముందు వ్యాపారం లేని కుటుంబాలలో మాత్రం దాదాపు ఏ తేడా లేదు. మా సంఘంలో కిరాణా కొట్టు పెట్టి పదకొండు నెలలకు మూసేసిన సహోదరిని మేము మనసులో కొంత తప్పు పట్టాం. ఇది చదివాక ఆ తప్పు ఆమెది కాదేమో అనిపించింది. ఐదు కొట్లున్న వీధిలో ఆరో కొట్టుకు అప్పు దొరకడం తేలికైంది గాని, గిరాకీ అప్పు ఇచ్చేవారి దగ్గర దొరకదు.

అయితే వ్యాపారం చేసే చురుకు పుట్టుకతోనే రావాలా, నేర్పితే రాదా? దీనికి జవాబు వెతికినవారు కూడా అమీర్‌పేట పక్కనే ఉన్నారు. అమీర్‌పేట నుండి రెండు స్టేషన్ల దూరంలోని యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఒకటి ఉంది. 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాదుకు వచ్చింది. సియెట్ అనేవారు. తర్వాత పేర్లు మారాయి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లీలండ్ 1964లో ఈ సంస్థతో కలిసి మా కాకినాడ నుండి 52 మంది వ్యాపారస్థులను ఇక్కడికి రప్పించి శిక్షణ ఇచ్చాడు. (అక్కడ 52 బస్తీలు, ఇక్కడ 52 మంది. అంకెలు కలిశాయి గాని సంబంధమేమీ లేదు.)

వారికి అప్పు ఇవ్వలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించారు. రింగులు విసిరే ఆట ఆడించారు. మేకుకు ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మరీ దగ్గర నిలబడితే రింగు ఎలాగూ పడుతుంది, మరీ దూరమైతే అదృష్టం మీద వదిలేసినట్టే. కష్టపడితే పడుతుందనే దూరం ఏదో కనిపెట్టి అక్కడ నిలబడడం ఆ ఆట నేర్పే పాఠం. ఊరికి వెళ్లాక ఏం చేస్తారో ఎవరి లక్ష్యం వారే పెట్టుకున్నారు. తర్వాతి సంవత్సరాలలో చూస్తే, శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది వ్యాపారాన్ని చురుకుగా పెంచుకునే పనులు చేశారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు దాదాపు నాలుగో వంతు. కులాచారాలు, పాత నమ్మకాలు వ్యాపారానికి అడ్డమని అప్పట్లో చాలామంది అనేవారు. అవేమీ అడ్డం రాలేదని కూడా తేలింది. మెక్‌క్లీలండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో దీని మీద పుస్తకం రాశారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయడం మాకు తగదు. కాకినాడ నుండి వచ్చినవారు అప్పటికే దుకాణాలున్న మగవారు, రావడానికి ఇష్టపడినవారు. హైదరాబాదు బస్తీలలోని వారు చాలావరకు కూలినాలి కుటుంబాల స్త్రీలు. అయినా మాకు తోచింది చెబుతున్నాం. మన పల్లెలలో గత ముప్ఫై ఏళ్లుగా అప్పు ఇచ్చేవారు గుమ్మం దాకా వచ్చారు. పని నేర్పేవారు, పని మీద ధైర్యం నేర్పేవారు అంతగా రాలేదు.

కిస్తీ విషయం కూడా ఒకటి ఉంది. కలకత్తాలో వేరే పరిశోధకులు కొందరికి మొదటి కిస్తీ రెండు వారాలకు కాక రెండు నెలలకు మొదలయ్యేట్టు చేసి చూశారు. వారు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, మూడేళ్ల తర్వాత లాభాలూ ఎక్కువగా ఉన్నాయి. కట్టలేకపోయినవారు కూడా ఎక్కువయ్యారు గనుక సంస్థలకు అది రుచించదు. ఈనే గేదెను కొన్నా పాలు రావడానికి రోజులు పడుతుంది. వచ్చేవారమే కిస్తీ అంటే ఎవరైనా ఏం కొంటారు? రేపే అమ్ముడయ్యే సరుకు కొంటారు, లేదంటే సగం డబ్బు కిస్తీల కోసమే దాచుకుంటారు.

ఇక జరిగిన నష్టం సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి మూడు నాలుగు గ్రూపుల నుండి అప్పులు, ఒక కిస్తీకి ఇంకో అప్పు, కట్టలేని ఇంటి ముందు బైఠాయింపులు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సుమారు యాభై శాఖలను మూయించారు. 2010లో ఆత్మహత్యల వార్తలు పత్రికలను నింపాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా వసూళ్లూ ఆగాయి, కొత్త అప్పులూ ఆగాయి. పీడ వదిలిందని మేమూ అనుకున్నాం. అయితే ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని తర్వాతి కథ చూశారు. మన రాష్ట్రంలో దెబ్బతిన్న సంస్థలు ఇతర రాష్ట్రాలలో కూడా అప్పులు తగ్గించుకోవలసి వచ్చింది. అలా అప్పు తగ్గిన జిల్లాలలో రోజు కూలి పడిపోయింది, ఇంటి ఖర్చు తగ్గింది. అప్పు తీసుకోని కూలివాడికి కూడా దెబ్బ తగిలింది. చిన్న వ్యాపారి పని ఆపితే కూలివాణ్ణి పిలిచేవారుండరు. ఈ అప్పు మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో అడిగేవారికి ఈ లెక్కలు ఒక్క మాటలో జవాబివ్వవు.

2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు ప్రతి గ్రూపులోనూ ఒకరు పెద్దగా చదివి వినిపించవలసినవి. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే ఈ అప్పుకు తాకట్టు అడగకూడదు. ఇంట్లోని అన్ని అప్పుల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. మొత్తం వడ్డీ, ఖర్చులు ఎంతో అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 దాటాక ఫోన్లు చేసి వసూలుకు వేధించకూడదు, దుర్భాషలాడకూడదు. మా అక్కకు ఇందులో ఒక్కటీ తెలియదు. ఆమె గ్రూపు లీడరుకూ తెలియదు.

ఊరికి వచ్చిన రాత్రి అక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాం. అప్పటికే ఉన్న పనిలో పెట్టిన డబ్బే నిలిచిందట, రెండు గేదెలున్న నీకు మూడోది కలిసివచ్చేదేమో అన్నాం. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ లెక్కలో వాడి ఉద్యోగం ఎక్కడ రాశారు?" అని అడిగింది. ఒక్కో ఇంటి సంగతి ఆ లెక్కలలో ఉండదని, వందల ఇళ్ల సగటే ఉంటుందని చెప్పాం. "సరేలే, వాడి కోర్సు మార్గశిరం నాటికి అయిపోతుంది. చిన్న గేదె అప్పటికి ఈనుతుంది," అంటూ లోపలికి వెళ్లి గ్రూపు పాసుపుస్తకం తెచ్చి, ఇంకా ఎన్ని కిస్తీలున్నాయో చూడమని మా చేతిలో పెట్టింది. ముప్ఫై ఒకటి ఉన్నాయి.